బొందలగడ్డ మీద స్టే

మా అవ్వ, నన్ను కన్న తల్లి, సంతకం పెట్టుడు నేర్చుకున్నది అరవై దాటినంక. నాట్లు వేసి, కలుపు తీసి, వరికోతలకు పోయి బతికిన మనిషి. ఓటుకైనా పింఛన్‌కైనా వేలిముద్రే. "వేలిముద్ర చాలమ్మా, కోర్టు ఒప్పుకుంటది" అని వకీలు సార్ చెప్పినా వినలే.

"అడిగేది నేను గద సాబ్. నా చేతితోనే రాస్త" అన్నది.

నేను ఆదిలాబాద్‌ల సర్కారు బడి టీచర్‌ను. రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చి, మా ఇంటి గచ్చు మీద సుద్దముక్కతో ఆమె పేరు రాసి పెట్టిన. ఒకటో తరగతి పిల్లలకు రోజూ నేర్పే పనే. రెండో రోజు సాయంత్రానికి చెయ్యి కుదిరింది. ఆ పేరు దావా కాయితాల ప్రతి పేజీ కింద పడ్డది. వాది మా అవ్వ. ప్రతివాది, మా ఊరి పక్క పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మే ఒకాయన. మేము అడిగింది ఒక్కటే. మా వాళ్లను పెట్టుకున్న బొందలగడ్డ జోలికి ఆయన రావద్దని కోర్టు ఆర్డర్ ఇయ్యాలె.

మా ఊరు పెద్దపల్లికి అవతల, కాలువ కింద. ఊరి చివర ముప్పై నలభై ఇండ్ల క్రైస్తవులం. మిషన్ వాళ్లు వచ్చిన కాలంల మా తాతలు బాప్తిస్మం తీసుకున్నరు. అప్పటి ఊరి దొర, వీళ్ల పీనుగులను ఊరోళ్లు తమ శ్మశానంల పెట్టనిస్తలేరని, కాలువ గట్టు పక్కన ఎకరం నేల చూపించి "అక్కడ పెట్టుకోండి" అన్నడట. కాయితం రాసియ్యలే. నోటిమాటనే. ఆ మాట మీదనే మూడు తరాల మనుషులు ఆ నేలల పడుకున్నరు.

మా బాపు ఆడనే ఉన్నడు. రైల్వేల గ్యాంగ్‌మన్ పని చేసిండు. రిటైరైన రెండేండ్లకు పోయిండు. ఆయన మీద సిమెంటు బండ వేయించినం. బాపు కంటే చాన ముందు పోయినోడు మా తమ్ముడు. నాలుగేండ్ల పిల్లగాడు, జ్వరమొచ్చి మూడు దినాలల్ల పోయిండు. వాని మీద బండ లేదు. అప్పుడు మాకు అంత లేకుండె. మట్టి కుప్ప, చుట్టూ నాలుగు గుండ్లు, తలకాడ తుమ్మచెట్టు. బాపును వానికి దగ్గరగ పెట్టాలనుకున్నం గాని నడుమల వేరేవాళ్లవి ఉండె. బాపు బండ కాడి నుంచి తమ్ముని కాడికి ఇరవై రెండు అడుగులు. అవ్వ ప్రతి శనివారం పోయి రెండు బొందల కాడ గడ్డి పీకి వచ్చేది. నడుమల ఉన్నవాళ్లవి కూడా పీకేది. "అడ్డమొస్తయి గద, ఊకె వదిలేస్తనా" అనేది.

పెద్దపల్లి జిల్లా అయినంక రోడ్డు వెడల్పైంది, భూముల రేట్లు పెరిగినయి. దొర మనుమడు హైదరాబాద్‌ల ఉంటడు. ఆయన కాలువ పక్క పొలాలన్నీ ఒక్కసారే అమ్మేసిండు. కంప్యూటర్ రికార్డుల మా ఎకరం కూడా ఆయన తాత పేరు మీదనే ఉన్నది. కొన్నాయన మాకు కొత్తోడు కాదు. మా పక్క ఊరే. చిన్నప్పుడు వాళ్ల నాయినతోని మా ఇంటికి కూలోళ్లను పిలువనీకి వచ్చేటోడు. హద్దు రాళ్లు పాతిన నాడు మా అవ్వ పోయి అడిగింది.

"కొడుకా, మా వాళ్లున్న జాగల గూడ రాళ్లు పాతినవేంది?"

"నీ సమాధుల జోలికి నేనెందుకు పోత చిన్నమ్మా? కొలత కోసం పాతిన్రు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నడు.

నెల తిరగకముందే తూర్పు దిక్కు మూలన జేసీబీ తిరిగింది. ఆ మూల బాగ పాతవి, గుర్తులు లేనివి. మా సంఘం పెద్దలు కూసున్నరు. ఆయన వచ్చి, నాలుగు కిలోమీటర్ల అవతల గుట్ట కింద అర ఎకరం ఇస్తనన్నడు, ఎముకలు తీసుకపోయే ఖర్చు కూడా పెట్టుకుంటనన్నడు. పెద్దల్ల సగం మంది తలూపిన్రు. కేసులంటే భయం, ఆయనతోని పని పడేటోళ్లు కొందరు. మా అవ్వ మాత్రం లేచి నిలబడ్డది.

"నా కొడుకును మళ్ల తవ్వనియ్య" అన్నది. అంతే చెప్పి ఇంటికి వచ్చింది.

వకీలు సార్ పెద్దమనిషి. టౌన్‌ల వాళ్ల ఇంటి ముంగటి అర్రనే ఆఫీసు. ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు. మొదటిసారి పోయిన నాడు మాకు ఛాయ్ తెప్పించి, అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పిండు.

"ఇంజంక్షన్ అంటే ఆపుడు అమ్మా. ఒకడు తప్పు చేయబోతుంటే, చెయ్యకముందే కోర్టు వాని చెయ్యి పట్టుకునుడు. గని ఊకె పట్టుకోదు. మూడు సంగతులు చూస్తది. పైపైన చూస్తే మీ మాటల పస ఉన్నదా? ఆపితే వానికయ్యే ఇబ్బంది ఎక్కువనా, ఆపకపోతే మీకయ్యే ఇబ్బంది ఎక్కువనా? మూడోది, జరగబోయే నష్టం పైసలతోని పూడుతదా? పూడేటట్టుంటే కోర్టు ఆపదు. జరగనియ్యి, తర్వాత పైసలిప్పిస్త అంటది."

"మా పిల్లగాని బొందకు ఎన్ని పైసలు కడతది సాబ్ కోర్టు?"

ఆయన పెన్ను తీసి, "గదే రాస్తనమ్మా" అన్నడు.

ఆయన మాకు చేసిన పెద్ద సాయం పాత పహాణీ, అంటే సర్కారు భూమి లెక్క, తెప్పించుడు. నిజాం కాలంనాటి కాయితం, అంతా ఉర్దూల. మాలో ఎవరికీ చదవరాదు. ఆయన అద్దాలు పైకి జరుపుకొని, వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు నింపాదిగా చదివిండు. ఒక కాడ ఆగి, "ఖబ్రస్తాన్, ఈసాయీ. గిదిగో" అన్నడు. క్రైస్తవుల శ్మశానం. ఎప్పుడో సచ్చిపోయిన ఎవరో రెవెన్యూ గిర్దావర్ చక్కని దస్తూరితో రాసిపెట్టిపోయిండు. అవ్వ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. చదవరాదు గాని చాన సేపు చూసింది. ఆ రోజు బస్‌స్టాండ్‌ల నాకు అరటిపండ్లు కొనిచ్చింది. కేసు గెలిచినట్టే అనుకున్నం.

దావా వేసింది శుక్రవారం. అవతలోనికి చెప్పకుండనే అప్పటికప్పుడు ఆపుతూ ఆర్డర్ ఇయ్యమని సార్ అడిగిండు. జడ్జి కాయితాలు తిప్పి చూసిండు. ఇప్పటి రికార్డు అవతలాయన దిక్కున్నది, పాత రికార్డు మా దిక్కున్నది, ఆయన మాట కూడా వినాలె అన్నడు. నోటీసు పంపుమని చెప్పి రెండు వారాలకు తారీఖు వేసిండు. తప్పేం లేదు. ఎవరినైనా వినకుండ చేతులు కట్టేసుడు న్యాయం కాదు. తర్వాత నేను ఎన్నోసార్లు ఆలోచించిన. ఆ జడ్జి కుర్చీల నేనున్నా గదే చేద్దునేమో.

నోటీసు ఆయనకు బుధవారం ముట్టింది. ఆదివారం పొద్దున మేమంత గుడిల ఉన్నం. నేను కూడా ఆ వారం ఊర్లనే ఉన్న. రెండో పాట పాడుతుంటే, ముంగటి వరుసల ఉన్న అవ్వ పాడుడు ఆపేసింది. తల ఒక దిక్కు వంచి విన్నది. తర్వాత చెప్పులు చేతుల పట్టుకొని బయటికి నడిచింది. అప్పుడు వినపడ్డది నాకు, కాలువ దిక్కు నుంచి ఇంజన్ల సప్పుడు.

మేము ఉరికేసరికి రెండు జేసీబీలు. ఒకటి పని ముగించుకొని రోడ్డెక్కుతున్నది. ఇంకోటి నడిమిట్ల ఉన్నది. తూర్పు సగంల ఉన్న శిలువలు, బండలు, గుండ్లు, చెట్లు, అన్నీ ఒక పక్కకు ఊడ్చినట్టు కుప్ప. అవ్వ పోయి బాపు బండ ముంగట కూసున్నది. బండ సగానికి పగిలింది గాని కదలలే. డ్రైవర్ ఏదో అరుస్తున్నడు. అది మరాఠీ. ఆదిలాబాద్‌ల మా బడి పిల్లల తల్లులతోని మాట్లాడి మాట్లాడి నాకు జరంత వచ్చు.

"థాంబా, దాదా. మా నాయిన ఉన్నడు గీడ" అన్న, ఆగు అన్నా అని, సగం వాళ్ల భాషల, సగం మా భాషల.

ఆయన ఇంజన్ ఆపి దిగిండు. బండను చూసిండు. అవ్వను చూసిండు. "తాయీ, మలా కాయ్ మాహీత్" అన్నడు. నాకేం తెలుసు అక్కా అని. పడావు భూమి, చదును చెయ్యమన్నరట. చేతులు కట్టుకొని జర దూరంల నిలబడ్డడు, మేము పొమ్మనేదాక.

పోలీసులు వచ్చిన్రు. ఇది భూమి లొల్లి, కోర్టుల ఉన్నదంటున్నరు గద, ఆడనే తేల్చుకోండి అని రాసుకొని పోయిన్రు.

అందరు పోయినంక అవ్వ లేచింది. బాపు బండకు వీపు ఆనించి నిలబడి, అడుగులు లెక్కపెట్టుకుంట నడిచింది. ఇరవై రెండు కాడ ఆగింది. అటు ఇటు చూసింది. తుమ్మచెట్టు లేదు, గుండ్లు లేవు, ఏ దిక్కుకు నడవాల్నో ఆనవాలు లేదు. మళ్ల బండ కాడికి వచ్చి మళ్ల నడిచింది. ఇంకో కాడికి పోయింది. మూడోసారి ఇంకో కాడికి.

"బిడ్డా, నువ్వు నడువు. నీకు యాదికున్నదేమో" అన్నది.

నేను కూడా నడిచిన. నాకూ తెలువలే.

సోమవారం సార్ అర్జంటు పిటిషన్ వేసిండు. ఆ రోజు ఆయన గొంతు మారింది. "ఆపేది ఇంజంక్షన్ అమ్మా. అయిపోయినదాన్ని ఆపుడేముంటది? చెడగొట్టినదాన్ని మళ్ల మునుపటి లెక్క చెయ్యమని కూడా అడగొచ్చు. అడుగుత. గని కోర్టులు గది చివరి తీర్పుల గూడ కష్టంగ ఇస్తయి. నడుమల అసలే ఇయ్యవు" అన్నడు.

జడ్జి ఫోటోలు చూసిండు. మొహం ముడుచుకున్నడు. స్టేటస్ కో ఆర్డర్ వేసిండు. యథాతథ స్థితి. తదుపరి ఉత్తర్వుల దాక రెండు పక్షాలల్ల ఎవరూ ఆ నేల స్వరూపం మార్చవద్దు. కోర్టు అమీన్ వచ్చి, కట్టె పాతి, ఆర్డర్ కాయితం అంటించి పోయిండు. అవ్వ ఆ కాయితం ముంగట నిలబడి కొంగు సదురుకున్నది. ఊరోళ్లు చూస్తున్నరు. ఆయన జేసీబీలు తిరిగి రాలే. ఆ ఒక్క రోజు మేము సంతోషపడ్డం. దాచుకోను.

స్టేటస్ కో అంటే ఉన్నది ఉన్నట్టు. కానీ ఉన్నది ఏంది? చదును చేసిన నేల, పక్కన బండల కుప్ప. ఆర్డర్ వచ్చేటప్పటికి ఉన్న స్థితి అదే. కోర్టు కాపాడుతున్నది దాన్నే. ఈ సంగతి మాకు నెమ్మదిగ తెలిసింది.

అవ్వకు మొదట తెలిసింది. మూడు నెలలు చూసి, ఆమె ఒక గుండు తీసుకపోయి సున్నం పూసి, మూడుసార్లు నడిచిన మూడు చోట్లల్ల ఒక చోట పెట్టింది. ఎందుకు ఆ చోటే అంటే చెప్పలే. చుట్టూ గడ్డి పీకింది. అవతలోళ్లు ఫోటో తీసిన్రు. వాది ఆర్డర్‌ను ఉల్లంఘించి కొత్త నిర్మాణం చేస్తున్నదని పిటిషన్ వేసిన్రు. కాయితంల అట్లనే ఉన్నది, కొత్త నిర్మాణం.

అప్పటికి జడ్జి మారింది. వయసుల నాకంటే చిన్న మేడం. అవ్వను బోనులకు పిలువలే, దగ్గరికి రమ్మన్నది.

"అమ్మా, ఈ ఉత్తర్వు మీరే కోరారు కదా. ఇది మీకు కూడా వర్తిస్తుంది. మీరే దాటితే, రేపు వాళ్లు దాటినప్పుడు నేనేం అనగలను?"

"నేనేం కట్టలే మేడం. గుండు పెట్టిన. నా పిల్లగాడు ఆడ ఉన్నడు."

"ఉన్నాడో లేడో తేల్చాల్సింది విచారణలో. అప్పటి దాకా ఎవరూ ఏమీ పెట్టకూడదు."

అవ్వ నా దిక్కు చూసింది. నేను తల దించుకున్న. "తప్పయింది" అన్నది. మేడం ఆ పిటిషన్ అక్కడికి మూసేసింది, గుండు తీసేస్తే చాలన్నది. ఆ సాయంత్రమే అవ్వ తానే పోయి తీసింది. నేను పట్టుకుంటనంటే ఇయ్యలే. చంకల పెట్టుకొని, చిన్న పిల్లను ఎత్తుకున్నట్టు ఇంటిదాక మోసుకొచ్చింది. పెరట్ల చేదబాయి కాడ పెట్టింది. ఆ తర్వాత ఆమె శనివారాలు ఆడికి పోవుడు మానేసింది. గడ్డి పీకినా ఫోటో తీస్తరేమోనని భయం. వయ్యారిభామ కలుపు నడుము ఎత్తు పెరిగింది. తుమ్మ మొలకలు లేచినయి.

ఆరేండ్లు గడిచినయి. కోర్టు పంపిన కమీషనర్‌గ ఒక కుర్ర వకీలు వచ్చి కొలతలు తీసిండు. "సమాధుల ఆనవాళ్లు తూర్పు భాగమున కనబడలేదు" అని రిపోర్టు రాసిండు. అబద్ధం రాయలే. కనబడలేదు మరి. కరోనాల కోర్టు మూసిన్రు. తెరిచినంక జడ్జి లేడు. జడ్జి వచ్చినంక అవతలి వకీలుకు ఒంట్ల బాగలేదు. నేను ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల బస్సెక్కి, ఆడ మారి, పది గంటలకు కోర్టు కాడికి చేరేసరికి అవ్వ వరండాల గోడకు ఆనుకొని ఉండేది, ఒళ్ల టిఫిన్ డబ్బ పెట్టుకొని. ఇద్దరం పులిహోర తినేటోళ్లం. తారీఖు పడేది. ఆమె ఇంటికి, నేను బస్సుకు.

ఈ లోపల మా వాళ్లల్ల ముసలోళ్లు కొందరు పోయిన్రు. బొందలగడ్డల తవ్వరాదు. కొందరిని సొంత పొలం గట్ల మీద పెట్టుకున్నరు. పొలం లేనోళ్లు వేరే ఊళ్ల సంఘాలను బతిమాలుకున్నరు. గుట్ట కింద ఇస్తనన్న అర ఎకరం ఆయన ఎప్పుడో అమ్మేసిండు. గుడిల అవ్వ పక్కన కూసునేటోళ్లు తగ్గిన్రు. ఒకరోజు ఒకామె మొహం మీదనే అన్నది, "నువ్వు కేసు వెయ్యకుంటే గా గుట్టకాడి జాగనన్నా ఉంటుండె. మా అత్తను ఎవరి ఊర్లనో పెట్టి వచ్చినం." అవ్వ ఇంటికి వచ్చి నాకు ఫోన్ చేసింది. "ఆమె చెప్పింది నిజమే గద బిడ్డా" అన్నది. నేను "అన్నం తిన్నవా" అని అడిగిన.

పోయినేడాది వానాకాలంల అవ్వ గుండెకు నీరు పట్టింది. కరీంనగర్ దవాఖానల తొమ్మిది రోజులున్నది. ఇంటికి తీసుకపొమ్మన్నరు. ఇంట్ల మంచం మీద నన్ను పిలిచి, "బాపు పక్కన జర జాగ ఉన్నది. ఆర్డర్ ఏమన్న అంటదా?" అని అడిగింది.

"సార్‌ను అడుగుత అవ్వా" అన్న.

అడగలే. అడిగితే ఏం చెప్తడో నాకు తెలుసు. రెండు రోజులకు, తెల్లారి ఛాయ్ తాగి, ఆమె పోయింది.

అప్పుడు ఫోన్ చేసిన. సార్ చాన సేపు దేవుని పేరు తలుచుకున్నడు. తర్వాత అన్నడు, "బేటా, కోర్టు ఇజాజత్ లేకుండ తవ్వొద్దు. తవ్వితే మన ఆర్డర్‌ను మనమే తుంచినట్టు. ఆరేండ్ల కేసు పోతది. పిటిషన్ వేస్త, ఇయ్యాల్నే వేస్త."

మా కోర్టు జడ్జి సెలవుల ఉన్నడు. ఇన్‌చార్జి జడ్జి ఇంకో టౌన్‌ల. సార్ డెబ్బై ఐదేండ్ల మనిషి, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి నెల కాలే, కారు మాట్లాడుకొని నాతోని వచ్చిండు. ఇంట్ల అవ్వను ఐస్ పెట్టెల పెట్టి మేము కోర్టు వరండాల నిలబడ్డం. అవతలి వకీలుకు కాపీ ఇయ్యాలన్నరు. ఇచ్చినం. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

అవతలి వకీలు గట్టిగ మాట్లాడలే. నెమ్మదిగనే చెప్పిండు. చనిపోయినామె మీద తమకు గౌరవమే అన్నడు. కానీ ఇప్పుడు కొత్త సమాధి లేస్తే అది శ్మశానమే అని తేల్చేసినట్టు అయితది, మొత్తం కేసు దాని మీదనే గద అన్నడు.

జడ్జి మా సార్‌ను అడిగిండు. "ఈమెను పెట్టడానికి ఇంకెక్కడా స్థలం లేదా?"

సార్ అబద్ధం చెప్తడేమో అని నేను చూసిన. ఒక్క మాట అంటే సరిపోతుండె, లేదు అని. ఆయన కోర్టుల నలభై ఐదేండ్లు పని చేసిన మనిషి.

"వేరే ఊరి సంఘం వాళ్లు ఇస్తామన్నారు, అయ్యా. కానీ ఆమె భర్త, కొడుకు ఇక్కడ ఉన్నారు. ఆమె అడిగింది ఈ చోటు."

"వేరే చోటు ఉన్నప్పుడు, అనుమతించకపోతే పూడ్చలేని నష్టం అని ఎలా అనగలను? అనుమతిస్తే మాత్రం భూమి స్వభావం మారిపోతుంది. తర్వాత సమాధి తీయమని చెప్పగలనా?" జడ్జి పెన్ను కింద పెట్టిండు. "నాకు బాధగానే ఉంది" అన్నడు. పిటిషన్ కొట్టేసిండు.

బయటికి వచ్చి సార్ మెట్ల మీద కూసున్నడు. నల్ల కోటు విప్పి ఒళ్ల పెట్టుకున్నడు. "మాఫ్ చెయ్యి బేటా. జాగ లేదని చెప్పాల్సింది" అన్నడు.

"అవ్వ ఉంటే చెప్పనిస్తుండెనా సార్" అన్న. ఆయనను ఓదార్చనీకి అన్న. నిజంగ నాకు తెలువది. చెప్పమనేదేమో.

పదిహేడు కిలోమీటర్ల అవతల, ఇంకో ఊరి సంఘం వాళ్ల శ్మశానంల, ప్రహరీగోడ పక్కన జాగ ఇచ్చిన్రు. ఆ ఊర్ల మా వాళ్లెవరూ లేరు. బండి కాలువ గట్టు మీదికెంచి పోయింది. వయ్యారిభామ తెల్లగ పూసి ఉన్నది. బాపు బండ కానరాలే. బండి ఆపమని నేను అనలే, డ్రైవర్ తానే జర నెమ్మది చేసిండు. అవ్వను పెడుతుంటే వాన మొదలైంది. మా ఊరి నుంచి పదకొండు మంది వచ్చిన్రు. మొహం మీద అన్న ఆమె కూడా వచ్చింది. మట్టి వేసి, ఒకసారి నా చెయ్యి పట్టుకొని వదిలి, వానల్నే పోయింది.

దావా కాయితాలల్ల అవ్వ పేరు పక్కన మరణించినది అని రాసి, కింద నా పేరు చేర్చిన్రు. ఈ ఎండాకాలం తీర్పు వచ్చింది. సార్ కండ్లు సహకరిస్తలేవు, ఆయన బిడ్డ చదివి చెప్పింది. ఆమె కూడా వకీలే. పాత పహాణీని కోర్టు నమ్మింది. అది శ్మశానమే అన్నది. బండలు మిగిలిన పడమటి భాగం జోలికి ప్రతివాది శాశ్వతంగ రావద్దని ఇంజంక్షన్ ఇచ్చింది. చదును చేసిన తూర్పు భాగంల ఏ సమాధి ఎక్కడున్నదో రుజువు కాలేదు గనక, మునుపటి స్థితికి తెమ్మని ఆదేశించలేమన్నది. కావాలంటే నష్టపరిహారం కోసం వేరేగ దావా వేసుకోవచ్చన్నది.

"సగం గెలిచినం అక్కా" అన్నది ఆ పిల్ల.

తమ్ముడు ఆ రెండో సగంల ఉన్నడు.

ఆ మొదటి సగం కూడా మా చేతికి రాలే. అవతలాయన అప్పీలు వేసిండు. మేము కూడా వేసినం. పై కోర్టు రెండింటినీ తీసుకొని, అప్పీళ్లు తేలేదాక యథాతథ స్థితి అన్నది.

పోయిన నెల తారీఖు నాడు కోర్టు క్యాంటీన్‌ల మా జాగ కొన్నాయన కనబడ్డడు. ఒక్కడే కూసున్నడు. పక్షవాతం వచ్చిందని విన్న గాని చూడలే. కుడి చెయ్యి ఒళ్ల పడి ఉన్నది. నన్ను చూసి లేవబోయిండు, లేవలే.

"కూసో చెల్లె. ఛాయ్ తాగు."

పోవాలనుకున్న. కాళ్లు నొస్తున్నయి, పొద్దటి నుంచి బస్సుల నిలబడి వచ్చిన. కూసున్న.

"చిన్నమ్మ పోయినప్పుడు రావాలనుకున్న. మొహం చెల్లలే" అన్నడు. మాట జర ముద్దగ వస్తున్నది.

"గా ఆదివారం ఎందుకు పంపినవన్నా జేసీబీలను?"

"ఆర్డర్ వచ్చేలోపల పని అయిపోతే ఇగ ఆపనీకి ఏమీ ఉండదని చెప్పిన్రు. నేను విన్న."

"నిజమే చెప్పిన్రు" అన్న.

ఆయన తల అడ్డంగ ఊపిండు. "నాకు కూడ ఏం మిగలలే చెల్లె. ప్లాట్లు కొన్నోళ్లు తిట్టిపోతున్నరు. నా కొడుకులు ఆ దిక్కే చూస్తలేరు. రాజీ పడదామంటే కూడా, ఏమిచ్చి పడాలె? తీసింది మళ్ల నేను పెట్టలేను గద."

రాజీ అనే మాట నాకు ఒక్క క్షణం ఆశ పెట్టింది. అబద్ధమెందుకు చెప్పాలె. తర్వాత ఆలోచిస్తే, ఏమని అడగాల్నో నాకూ తెలువలే. ఛాయ్ వచ్చింది. తాగిన. ఆయన ఎడమ చేత్తో గ్లాసు లేపుతుంటే జర ఒలికింది, బల్ల మీది పేపర్‌తోని నేనే తుడిచిన.

మా కేసు పిలిచిన్రు. ఇద్దరం లోపలికి పోయినం. జడ్జి వేరే కేసు వాదనలల్ల ఉన్నడు, మాది రెండు నెలలకు పెట్టిన్రు. దిగేటప్పుడు ఆయన ఎడమ చేత్తో కడ్డీ పట్టుకొని ఒక్కో మెట్టు దిగుతున్నడు. మెట్లు ఇరుకు. పక్కకెంచి పోయేందుకు జాగ లేదు. నా మంచిర్యాల బస్సుకు టైమవుతున్నది. ఆయన దిగేదాక వెనుకనే నిలబడ్డ.